నీలం పీలిక కట్టిన మూట

గుడ్డల షెడ్డు వెనక గది
జూన్ 22

మరదలికి,

మీరు క్షేమంగా చేరారని తమ్ముడు ఫోన్ చేశాడు. చేశాడు అనడం కంటే అరిచాడు అనడం నయం. అవతల టైర్లు కోసే మిషన్ల మోత, ఇవతల మన గుడ్డలు చీల్చే మిషను మోత. ఇద్దరం కాసేపు "ఆఁ? ఆఁ?" అనుకుని పెట్టేశాం. నీకివ్వమంటే "పడుకుందక్కా" అన్నాడు. పగలు పదకొండింటికి పడుకునే మనిషివా నువ్వు? నాతో మాట్లాడాలని లేదు, అంతే కదా. సరే, ఉత్తరానికి మొహం చాటెయ్యలేవుగా. ఉన్న ఒక్క ఫోనూ వాడి జేబులోనే ఉంటుంది. మనిద్దరి మాటలూ వాడెందుకు వినాలి?

ఇక్కడ వాన మొదలైంది. కప్పు కారుతోంది. మన గొడుగు మేనేజరు గారు ఇప్పుడు షెడ్డు లోపల కూడా గొడుగు వేసుకునే తిరుగుతున్నారు. నీ టేబులు దగ్గర ఒక కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. ఆ మహాతల్లి ప్రతి పాత చొక్కానీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. "తల్లీ, గుడ్డని వేళ్ళతో చూడాలే, ముక్కుతో కాదు" అని నెత్తీ నోరూ బాదుకుంటున్నాను. గంటకోసారి వచ్చి "పెద్ద టేబులమ్మా, ఇది నూలా, పాలిస్టరా?" అని అడుగుతుంది. నువ్వు రెండో వారానికే అడగడం మానేశావు. గుర్తుందా?

జరిగింది మనసులో పెట్టుకోకు. పనన్నాక పొరపాట్లు రావా? ఎవరికైనా వస్తాయి. ఎంత చెయ్యి తిరిగినవాళ్ళకైనా వస్తాయి. నిన్ను వెళ్ళిపొమ్మన్న రోజు నేను గేటు దాకా రాలేదని నీకు బాధగా ఉండి ఉంటుంది. ఆ రోజు నాకు తల పగిలిపోయింది. నిజంగానే.

పాపని వానలో తడవనివ్వకు. నా అక్షరాలు కోడి గీసినట్టున్నాయని నవ్వుకోకు. ఈ పెన్ను సరిగ్గా పట్టు దొరకడం లేదు.

నీ వదిన

*

టైర్ల షెడ్డు ఎదురు వీధి, మేడ మీద గది
జూలై 11

వదినకి నమస్కారాలు.

మొహం చాటేశానన్నారు. అవును, చాటేశాను. మీతో మాట్లాడే మొహం నాకెక్కడుంది వదినా?

నన్ను చెయ్యి పట్టుకుని ఆ షెడ్డులోకి తీసుకెళ్ళింది మీరు. కళ్ళకి గుడ్డ కట్టి, ఒడిలో పాత బట్టలు పోసి, "తాకి చెప్పు, తప్పయితే మళ్ళీ తాకు" అని నెల రోజులు కూర్చోబెట్టింది మీరు. ఆడపడుచు అంటే సాధిస్తుందని అందరూ భయపెట్టారు గానీ, మీరు సాధించింది నా వేళ్ళనొక్కటే. "మా మరదలు, నా చేతి కింద తయారైంది" అని మేనేజరు గారి ముందు ఎంత గొప్పగా చెప్పుకున్నారు! ఆ పేరు మంటగలిపాను.

నాకు ఆ ఉదయమే కళ్ళ ముందు తిరుగుతోంది. గుజ్జు తొట్టి ఆగిపోయింది. జల్లెడ విప్పితే నమిలి ఊసినట్టు రబ్బరు జిగట. నూలు గుడ్డైతే తొట్టిలో నాని గుజ్జయి, ఆ గుజ్జులోంచి కొత్త దారం వస్తుంది. సాగే గుడ్డ కలిస్తే అలా ముద్ద కడుతుందని పసిపిల్లకి కూడా తెలుసు ఆ షెడ్డులో. మేకుకి తగిలించి ఉన్నది నా నీలం పీలిక. ఎవరి మూటకి వాళ్ళ రంగు పీలిక కట్టాలనీ, మూట విప్పాక ఆ పీలిక మేకుకి ఉంచాలనీ పద్ధతి పెట్టిందే మీరు. మీది ఎరుపు, నాది నీలం. మూటలో మిగిలిన గుడ్డల్లోంచి మేనేజరు గారు సాగే ప్యాంట్లు ఒక్కొక్కటే తీసి, అందరి ముందూ లాగి చూపించారు. పదకొండు. ఇక నోరెత్తడానికి ఏముంది?

నా మూలంగా అరవై మంది నాలుగు రోజులు పని లేక ఇంట్లో కూర్చున్నారు. నేను సామాను తీసుకుని గేటు దాటుతుంటే ఒక్కరూ తలెత్తి చూడలేదు. మీరు రాకపోవడమే మంచిదైంది. వచ్చి ఉంటే మీ కళ్ళలోకి చూడలేక చచ్చిపోయేదాన్ని.

ఇక్కడ నాది ఊడ్చే పని. టైర్లని ముక్కలు చేస్తారు, ముక్కల్ని నూక చేస్తారు, నూకలోంచి ఇనుప తీగల్ని అయస్కాంతం లాగేస్తుంది. ఆ రబ్బరు నూకని వేడి చేసి అదిమితే పలకలు తయారవుతాయి, పిల్లలు ఆడుకునే చోట నేల మీద పరచడానికి. సాయంత్రానికి నా కనుబొమల్లో కూడా రబ్బరే. పాప నన్ను "టైరమ్మా" అని పిలుస్తోంది. మీ తమ్ముడు నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఒక్క మాట మీకే చెబుతున్నాను. ఆయన చొక్కా ఉతుకుతుంటే ఇది నూలని చేతికి తెలుస్తుంది. వెంటనే "నీకేం తెలుసు?" అని లోపల్నుంచి ఎవరో అంటారు. లేబులు తిప్పి చూస్తాను. నూలనే ఉంటుంది. అయినా నమ్మకం కుదరదు. పాప గౌనూ, దుప్పటీ, తువ్వాలూ, ఏదీ లేబులు చూడకుండా మడత పెట్టలేకపోతున్నాను. ఇదేం జబ్బు వదినా?

మీ మరదలు

*

గుడ్డల షెడ్డు వెనక గది
ఆగస్టు 2

మరదలికి,

జబ్బూ లేదు, గిబ్బూ లేదు. నీ వేళ్ళ మీద నాకు ఏనాడూ అనుమానం లేదు, ఇప్పుడూ లేదు. బంగారం లాంటి వేళ్ళు. పిచ్చిగా లేబుళ్ళు చూడడం మానెయ్.

ఆ మూట కట్టిన రోజు పాపకి జ్వరం. పొద్దుటి నుంచి నీ ధ్యాసంతా ఇంటి మీదే ఉంది. తల్లివి కదా, చెయ్యి ఒకచోట, మనసు ఒకచోట ఉంటే ఏదో ఒకటి జారిపోతుంది. అందులో తప్పేముంది? నేను నిన్ను ఒక్క మాటైనా అన్నానా?

కొత్తమ్మాయి ఇప్పుడు వాసన చూడడం మానేసి, చెవి దగ్గర పెట్టుకుని చింపి చప్పుడు వింటోంది. ఏదో ఒకటి చేస్తుంది గానీ వేళ్ళు మాత్రం వాడదు. గుండీలు కోసే ఆవిడ నిన్ను అడిగింది. నేనేమీ చెప్పలేదు.

నాకు ఒంట్లో బాగానే ఉంది. మొన్న రెండు టీ గ్లాసులు పగలగొట్టాను, అంతే విశేషం. తమ్ముడితో నా గురించి ఏం మాట్లాడుకుంటున్నారు? ఊరికే అడుగుతున్నాను.

నీ వదిన

*

టైర్ల షెడ్డు ఎదురు వీధి, మేడ మీద గది
సెప్టెంబరు 14

వదినకి నమస్కారాలు.

మీ గురించి ఏం మాట్లాడుకుంటామా? "మా అక్క లేకపోతే మనం ఎక్కడుండేవాళ్ళం" అని ఆయన వారానికి రెండుసార్లు అంటారు. అన్నప్పుడల్లా నేను తల దించుకుంటాను.

మీరు రాశాకే నాకు తట్టింది. అవును, ఆ రోజు పాప జ్వరం. మధ్యాహ్నం మూడింటికే నేను వెళ్ళిపోయాను. నా మూట ముప్పావు వంతే నిండింది. "పైన నేను నింపి, నీ పీలిక కట్టించి పెడతాలే, నువ్వు బయల్దేరు" అని తోసినంత పని చేశారు. లేకపోతే ఆ రోజు నా లెక్కకి మూట తక్కువయ్యేది. అంత ఆదరణ చూపించిన మనిషి తల దించేలా చేశాను. పొద్దున్నే పాపకి మందు వేసి, హడావుడిగా వచ్చి, ఆ పదకొండు ప్యాంట్లూ కళ్ళు మూసుకుపోయి నూల్లో పడేసి ఉంటాను. ఎంత గింజుకున్నా ఆ ప్యాంట్లు చేతికి తగిలినట్టు గుర్తు రావడం లేదు. అదే భయం. గుర్తు కూడా లేకుండా తప్పు చేసే చెయ్యి ఇంకేం చేస్తుంది?

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ గుడ్డల విభాగం పెడుతున్నారు. రబ్బరు నూకలో చిరుగు గుడ్డల దూది కలిపి, మందం పలకలు చేస్తారట, గదుల మధ్య చప్పుడు వినపడకుండా గోడల్లో పెట్టడానికి. వేడికి పాలిస్టరు కరిగి అంతా అతుక్కుంటుంది. నూలు కరగదు. నూలు ఎక్కువైతే పలక పిండి పిండిగా రాలిపోతుంది. కాబట్టి రెంటినీ వేరు చేసేవాళ్ళు కావాలి. మీ తమ్ముడు ఊరుకోక ముసలి మేస్త్రి దగ్గర నా సంగతి వాగారు. ఆయన నన్ను చీపురుతో సహా పిలిచి, ఒక గుడ్డ పీలిక చేతిలో పెట్టారు.

"ఇదేంటో చెప్పు."

"నూలు. కొద్దిగా పాలిస్టరు కలిసింది" అన్నాను. ఆ వెంటనే "కాదేమోనండీ" అన్నాను.

ఇంకోటి ఇచ్చారు. అదీ చెప్పాను. అదీ కాదేమో అన్నాను. అలా తొమ్మిది. ఆయన నవ్వి, "తొమ్మిదీ సరిగ్గా చెప్పి, తొమ్మిదిసార్లూ కాదేమో అంటావేంటమ్మా? నీ పాత షెడ్డులో పెద్దావిడ ఉంటుంది కదా, ఆవిడ చేత నీ పని గురించి నాలుగు ముక్కలు రాయించి తీసుకురా. నీ మీద నీకు లేకపోతే ఆవిడకైనా ఉంటుందేమో నమ్మకం" అన్నారు. నవంబరు నెలాఖరుకి మనిషిని తీసుకుంటారట.

వదినా, రాయండి. కానీ ఆ తప్పు దాచకండి. జరిగింది జరిగినట్టు రాసి, ఆ తర్వాత ఈ పిల్ల మళ్ళీ గుడ్డ పట్టొచ్చో, పట్టకూడదో మీకేమనిపిస్తే అది రాయండి. పట్టొచ్చంటే కూర్చుంటాను. వద్దంటే చీపురుతోనే ఉంటాను, ఎవరినీ ఏమీ అనుకోను. నా వేళ్ళ సంగతి ఈ లోకంలో తెలిసింది మీ ఒక్కరికే.

మీ మరదలు

*

గుడ్డల షెడ్డు వెనక గది
అక్టోబరు 9

మరదలికి,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది.

నువ్వడిగిన దాని గురించి ఆలోచించాను. తొందరపడకు అనే నా సలహా. కొత్త విభాగం అంటే మొదట్లో అన్నీ చికాకులే. ఒక్క పలక పాడైనా నీ నెత్తినే వేస్తారు. మళ్ళీ అదంతా ఎందుకు నీకు? ఊడ్చే పని తక్కువ పనా? వేళకి వెళ్తావు, వేళకి వస్తావు, ఎవరూ వేలెత్తి చూపించరు. పాప చిన్నది. దాన్ని చూసుకో.

పైగా నేను ఏదైనా రాసివ్వాలంటే మన మేనేజరు గారి సంతకం కావాలంటారు. ఆయన పాత సంగతులన్నీ తవ్వుతారు. అదంతా ఇప్పుడు తవ్వుకోవడం నీకే మంచిది కాదు. నీ మేలు కోరి చెబుతున్నాను.

తమ్ముడికి చెప్పు, మాటిమాటికీ నన్ను పొగడొద్దని.

నీ వదిన

*

టైర్ల షెడ్డు ఎదురు వీధి, మేడ మీద గది
అక్టోబరు 20

వదినకి,

అర్థమైంది.

మీరు మనసు నొప్పించకుండా చెప్పాలని చూశారు. కానీ అడిగింది నేనే కదా, సూటిగా చెప్పినా బాధపడేదాన్ని కాను. బంగారం లాంటి వేళ్ళన్నది నన్ను ఊరుకోబెట్టడానికి అన్న మాటేనని ఇప్పుడు తెలిసింది. మీకే నమ్మకం లేకపోతే ఇక నాకెందుకుండాలి?

మేస్త్రి గారికి రేపు వద్దని చెప్పేస్తాను. ఆయన పది రోజులుగా అడుగుతున్నారు. తడవకో సాకు చెప్పి తప్పించుకుంటున్నాను. పాపకి స్కూల్లో బొమ్మకి గుడ్డ ముక్కలు అతికించమన్నారట. "అమ్మా, మెత్తటిది ఏదో నువ్వు చెప్పు" అంది. "నాకు తెలీదు, మీ నాన్ననడుగు" అన్నాను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ మరదలు

*

గుడ్డల షెడ్డు వెనక గది
నవంబరు 8

మరదలికి,

మేస్త్రి గారికి వద్దని చెప్పేశావా? చెప్పేసి ఉంటే ఈ ఉత్తరం పట్టుకుని మళ్ళీ వెళ్ళు. సగం చదివి చింపెయ్యాలనిపిస్తుంది. చింపకు. ఇందులో ఇంకో కాగితం ఉంది, అది నీకు కావాలి.

ఆ పదకొండు ప్యాంట్లూ నావి. నా గుట్టలోవి. నీ మూట పైభాగంలో వేసింది నేను.

రాసేశాను. ఈ ఒక్క ముక్క రాయడానికి ఐదు నెలలు పట్టింది నాకు.

మొన్న చలికాలం నుంచి నా కుడి చేతి మూడు వేళ్ళకి స్పర్శ సరిగ్గా తెలియడం లేదు. మొదట చలికి తిమ్మిరి అనుకున్నాను. చలి పోయింది, తిమ్మిరి పోలేదు. సూది గుచ్చుకుంటే రక్తం చూశాకే తెలిసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే పేరు పెడతాడు, పేరు పెడితే ఎవరికో ఒకరికి చెప్పాలి. మా ఆయన పోయాక ఈ గదీ, ఆ టేబులూ, "పెద్ద టేబులమ్మా" అన్న పిలుపూ తప్ప నాకింకేముంది? వేళ్ళు చచ్చిన మనిషిని ఎవరు ఆ టేబులు దగ్గర ఉంచుతారు? అందుకే కళ్ళతోనూ, లేబుళ్ళతోనూ, పాత అలవాటుతోనూ నెట్టుకొచ్చాను. కొత్తమ్మాయిని ముక్కుతో చూడొద్దని తిట్టానని రాశానే, నేను అప్పటికే అలాంటి వేషాలు వేస్తున్నాను. ఉత్తరం చదివి నువ్వు నవ్వుకుని ఉంటావు. నాకు సిగ్గేసింది.

మందం గుడ్డలతో ఎలాగో సరిపోయేది. సాగే గుడ్డతోనే చిక్కు. లాగడం నాకు తెలుస్తుంది. వదిలాక అది ముడుచుకుంటే వేళ్ళకి తెలియదు. ఆ రోజు నువ్వు వెళ్ళాక, నా గుట్టలోంచి నల్ల ప్యాంట్లు తీసి, నూలనుకుని, నీ మూట నింపాను. నీ పీలిక కట్టించాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. అంతవరకూ అది పొరపాటే. ఒట్టేసి చెప్పగలను.

ఆ తర్వాతది పొరపాటు కాదు.

మేనేజరు గారు ప్యాంట్లు ఒక్కొక్కటే తీసి లాగుతుంటే నేను ఆయన పక్కనే ఉన్నాను కదా. ఐదోదో ఆరోదో, మోకాలి దగ్గర తెల్ల రంగు మరక ఉంది. ఆ మరకని నేను ముందురోజు గోటితో గీకాను. చూడగానే అవి నా గుట్టలోవని తెలిసిపోయింది. ఆయన నా వైపు తిరిగి, "మీరేమంటారు పెద్ద టేబులమ్మా?" అన్నారు. అప్పుడు నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా. "నీలం పీలికే కదా బాబూ" అన్నాను.

నువ్వు నా మొహం వంకే చూస్తున్నావు. నీ వైపు మాట్లాడతానేమోనని. నేను మేకు వంక చూశాను.

నాకు తలనొప్పి లేదు ఆ రోజు. గేటు కనిపించే కిటికీ పక్కన నిలబడి, నువ్వు వెళ్ళిపోయేదాకా చూశాను. నువ్వు వెళ్ళాక హమ్మయ్య అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఇది కూడా రాయకపోతే ఈ ఉత్తరం మళ్ళీ దొంగ ఉత్తరమే అవుతుంది.

అది చాలదని పాప జ్వరం సంగతి రాశాను. నీ ధ్యాస ఇంటి మీద ఉందని. నువ్వు నీ తప్పు వెతుక్కుంటుంటే, నేనే ఒకటి తయారు చేసి నీ చేతిలో పెట్టాను. నువ్వు దాన్ని నమ్మి, "అవును వదినా, మీరు రాశాకే తట్టింది" అని రాస్తే, ఆ ఉత్తరం రెండుసార్లు చదివాను. అయినా చెప్పలేదు. మేస్త్రి గారికి కాగితం రాయమంటే, నా గుట్టు బయటపడుతుందని నీ నోటి దగ్గరి కూడు లాగి, నీ మేలు కోరి అన్నాను. నీ అక్టోబరు ఉత్తరంలో "నాకు తెలీదు, మీ నాన్ననడుగు" అన్న చోట ఆగిపోయాను. పసిపిల్లకి మెత్తటి గుడ్డేదో చెప్పలేని దాన్ని చేశాను నిన్ను. నేనేం మనిషిని?

మర్నాడే మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. అంతా విని, "ఇప్పుడెందుకమ్మా ఇదంతా? అయిపోయింది కదా, వదిలేయండి" అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ మాట పట్టుకుని వచ్చేద్దామనిపించింది. రెండడుగులు వేశాను కూడా. మళ్ళీ వెనక్కి తిరిగి, "అందరి ముందూ ఆ పిల్లని పంపారు, అందరి ముందే నేనూ చెబుతాను" అన్నాను. టీ వేళ మిషన్లు ఆపించారు. చెప్పాను. వెనకవాళ్ళకి వినపడలేదు, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని చూశాను. కొత్తమ్మాయి ఒక్కతే, "అయితే మీరు నాకు చెప్పినవన్నీ తప్పులేనా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది.

ఇప్పుడు నేను టేబులు దగ్గర లేను. గుడ్డల బండి తోస్తున్నాను. పెద్ద టేబులమ్మా అని ఎవరూ పిలవడం లేదు. "ఏమండీ" అంటున్నారు.

లోపల పెట్టిన కాగితం మేస్త్రి గారికి. మేనేజరు గారి సంతకం ఉంది. తప్పు నాదనీ, నీ మూటలో నువ్వు వేసిన ప్రతి గుడ్డా సరైనదేననీ, నేను చూసినవాళ్ళలో నీలాంటి వేళ్ళు ఇంకెవరికీ లేవనీ రాశాను.

తమ్ముడికి చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. నువ్వే చెప్పు. నేనే చెప్పాలంటే అలాగే చెబుతాను. క్షమించమని అడగను. ఏ మొహంతో అడగను?

వదిన

*

టైర్ల షెడ్డు ఎదురు వీధి, మేడ మీద గది
డిసెంబరు 3

పైన ఏమని పిలవాలో తెలియలేదు. ఖాళీగా వదిలేశాను.

మీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. అక్కడే కూర్చుండిపోయాను. పక్కింటావిడ "ఏమ్మా, ఎవరైనా పోయారా?" అని అడిగింది. లేదన్నాను.

ఆయనకి నేనే ఇచ్చాను. చదివి, "మా అక్క ఇలా చెయ్యదే" అన్నారు, మీ అక్షరాలు చేతిలో పెట్టుకునే. మళ్ళీ మొదటి నుంచి చదివారు. మూడో రోజు, "నిన్ను నేను కూడా నమ్మలేదు కదూ?" అన్నారు. అవును, నమ్మలేదు. "పోనీలే, పొరపాటు" అని ఓదార్చారు గానీ, "నువ్వు చేసి ఉండవు" అని ఒక్కసారీ అనలేదు. నన్ను నేనే నమ్మనప్పుడు ఆయన్నేమనగలను? మీకు ఫోన్ చెయ్యనన్నారు. చెయ్యమని నేనూ అనలేదు.

పొరపాటుకి నాకు కోపం లేదు. మేకు వంక చూసినందుకు కూడా, భయమేసి ఉంటుందిలే అని ఎలాగో సర్దుకోగలనేమో. పాప జ్వరం గురించి రాసిన ఆ వాక్యం మాత్రం మింగుడు పడటం లేదు. అది చదివినప్పటి నుంచి పాప తుమ్మినా దగ్గినా విసుక్కున్నాను. దీని వల్లే కదా అనిపించేది. పసిదాని మీద. మొన్న దాన్ని దగ్గరికి తీసుకుంటే, "నాకు దగ్గు రాలేదమ్మా" అని ముందుగానే చెప్పింది. అది విన్నాక నేను మీకు ఏం రాయాలి?

కాగితం మేస్త్రి గారికి ఇచ్చాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "ఎప్పుడు కూర్చుంటావు?" అన్నారు. సోమవారం కూర్చున్నాను. మొదటి గుడ్డ పట్టుకోగానే చెయ్యి ఆగింది. తర్వాత ఆగలేదు. మధ్యాహ్నం అన్నానికి లేచాక గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి ఒక్క లేబులూ తిప్పి చూడలేదని. అక్కడే గుడ్డల మధ్య నిలబడి ఏడ్చాను. సంతోషమో కోపమో నాకే తెలియదు. గుడ్డని బొటనవేలితో రుద్దేది మీలాగే, లాగి వదిలేది మీలాగే. ఎంత కోపమొచ్చినా ఆ చెయ్యి మార్చుకోలేను కదా.

ఒక్కటే అడుగుతాను. వేళ్ళు తిమ్మిరెక్కాయని ఆ చలికాలంలోనే నాకొక్కదానికి ఎందుకు చెప్పలేదు? మీ గుట్ట కూడా నేనే చూసేదాన్ని. రోజుకి అరగంట ఎక్కువ పట్టేది, అంతే. మీ టేబులు మీకే ఉండేది. ఎవరికీ చెప్పేదాన్ని కాను, ఆయనకి కూడా. పెళ్ళయి ఎనిమిదేళ్ళు మీ పక్కన కూర్చున్నాను. ఆ మాత్రం మనిషినని మీకు తోచలేదు. నాకు అసలు దెబ్బ అక్కడ తగిలింది.

డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బండి తోస్తూ ఆ చేతికి ఏదైనా గీసుకున్నా మీకు తెలియదు. పొద్దునా సాయంత్రం చేతులు వెలుతురులో పెట్టి చూసుకోండి. డాక్టరు ఏమన్నాడో రాయండి. ఆ ఉత్తరం చదువుతాను. ఇంకేమి రాసినా ఇప్పట్లో విప్పను.

మీ తమ్ముడి భార్య